రిమాండ్ తర్వాత క్రెడిట్ ఎవరిది?

వరంగల్ పోచమ్మ మైదాన్ దగ్గర ఇనుప సామాను వ్యాపారం చేసే సేటు ఒకరు 2025 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం హైకోర్టు ఆర్డరు కాపీ, అరకిలో కలాకంద్ డబ్బా రెండూ తెచ్చి, ఆయన పన్ను రిటర్నులు వేసే నా బల్ల మీద పెట్టారు. ఆర్డరు రెండున్నర పేజీలు. అందులో ఆయన చదివింది, లేదా ఎవరో చదివి వినిపించింది, పన్ను అధికారి ఇచ్చిన కింది ఆర్డరును కొట్టివేస్తున్నామన్న ఒక్క వాక్యం మాత్రమే. దాని పక్కనే, వ్యక్తిగత విచారణకు అవకాశమిచ్చి చట్టప్రకారం కొత్తగా ఆర్డరు జారీ చేయాలని అధికారికి ఆదేశిస్తున్న వాక్యం కూడా ఉంది. దాన్ని నేను తెలుగులో చెప్పగానే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే సార్, మళ్ల మొదటికే వచ్చినట్టా?" అని అడిగారు. మొదటికి కాదు, మధ్యకు వచ్చినట్టని చెప్పాను. ఆ మాట ఆయనకు నచ్చలేదు. నచ్చేలా చెప్పడం నాకూ చేతకాలేదు.

ఆ మధ్య అంటే ఎక్కడో తేల్చుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోలు మీద ఇచ్చిన పన్నును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకునే మొత్తం) వెనక్కి కట్టమన్న కేసు పై నుంచి రిమాండ్ అయి, అంటే మళ్లీ తేల్చమని కింది అధికారికే తిప్పి పంపగా, తిరిగి వచ్చినప్పుడు రెండు తగాదాలు మొదలవుతాయి. అధికారి ఇప్పుడు ఏమేమి అడగవచ్చు అన్నది మొదటిది. కొట్టివేసిన ఆర్డరు పేరు మీద ఇప్పటికే లాక్కున్న క్రెడిట్ ఎవరి దగ్గర ఉండాలి అన్నది రెండోది. నా వాదన ఇది: రిమాండ్‌తో ప్రాణం పోసుకునేది అసలు నోటీసు ఒక్కటే. పోయిన ఆర్డరుకు గానీ, ఆ తర్వాత అధికారికి కలిగిన కొత్త అనుమానానికి గానీ అందులో చోటు లేదు. కాబట్టి నోటీసులో లేనిది అడగకూడదు, పోయిన ఆర్డరు మీద తీసుకున్నది ఉంచుకోకూడదు.

ముందు కేసు సంగతి. 2018-19లో ఆ సేటు సికింద్రాబాద్‌లోని ఒక సరఫరాదారు దగ్గర నాలుగు లోడ్ల టీఎంటీ కడ్డీలు కొన్నారు. సరుకు విలువ రూ.27,00,000. దాని మీద 18 శాతం చొప్పున పన్ను రూ.4,86,000. సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. ఆ పన్ను సరఫరాదారుకు చెల్లించి, అంత మొత్తాన్ని పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీలో క్రెడిట్‌గా తీసుకున్నారు. సరఫరాదారు గుమాస్తా మాత్రం అమ్మకాల వివరాలిచ్చే తన జీఎస్టీఆర్-1 రిటర్ను నింపేటప్పుడు ఆ నాలుగు ఇన్‌వాయిస్‌లను మా సేటు జీఎస్టీ నంబరు మీద కాకుండా, నంబరు లేని మామూలు గిరాకీలకు చేసిన అమ్మకాల కింద చూపించాడు. పన్ను ఖజానాకు చేరింది, కానీ అమ్మినవారి రిటర్నుల నుంచి దానంతటదే తయారయ్యే మా జీఎస్టీఆర్-2ఏ పట్టికలో ఆ నాలుగు ఇన్‌వాయిస్‌లు కనిపించలేదు. 2023 డిసెంబరు చివర్లో జీఎస్టీ చట్టం సెక్షన్ 73 (మోసం ఆరోపణ లేని కేసులకు) కింద వచ్చిన నోటీసులో ఉన్న కారణం ఇదొక్కటే: 3బీలో తీసుకున్న క్రెడిట్ కన్నా 2ఏలో కనిపించేది తక్కువ.

ఆ నోటీసు జీఎస్టీ పోర్టల్‌లో అదనపు నోటీసులు, ఆర్డర్లు అనే విడి గదిలో పడి ఉంది. ఈమెయిల్ మూడేళ్ల కిందట పని మానేసిన అకౌంటెంటుకు పోయింది. ఇందులో నా తప్పు లేదని అనను. నెలనెలా రిటర్ను వేసేవాడిని నేనే. ఆ గది తెరిచి చూడవలసినవాడినీ నేనే. 2018-19 సంవత్సరానికి సెక్షన్ 73 ఆర్డర్ల గడువును 2024 ఏప్రిల్ 30 వరకు పొడిగించారు కాబట్టి, ఆ నెల చివరి వారంలో రాష్ట్రమంతటా ఆర్డర్ల వర్షం కురిసింది. మాదీ అందులో ఒకటి. పన్ను రూ.4,86,000, ఐదేళ్లకు 18 శాతం వడ్డీ రూ.4,37,400, జరిమానా పది శాతం కింద రూ.48,600. కూడి చూస్తే పైన పడ్డది పన్నుకు సరిగ్గా సమానం. "ముద్దలో ముద్ద" అని సేటు అన్నారు. విచారణ తేదీ ఇవ్వలేదు. వ్యాపారికి వ్యతిరేకంగా ఆర్డరు ఇవ్వబోతున్నప్పుడు, ఆయన అడగకపోయినా సరే, విచారణకు అవకాశం ఇచ్చి తీరాలని సెక్షన్ 75(4) అంటుంది. అధికారి ఆర్డరును హైకోర్టు కొట్టివేసింది ఆ ఒక్క కారణం మీదనే. క్రెడిట్ న్యాయమైనదా కాదా అన్న ప్రశ్నను కోర్టు ముట్టుకోలేదు.

ఇక్కడ చాలామందికి, మా వృత్తిలో కొందరికి కూడా, తెలియని ఒక విషయం చెప్పాలి. జీఎస్టీలో మొదటి అప్పీలు వినే అధికారికి కేసును కింది అధికారికి తిప్పి పంపే అధికారమే లేదు. ఆర్డరును ఖాయం చేయవచ్చు, మార్చవచ్చు, రద్దు చేయవచ్చు, అంతే గానీ వెనక్కి పంపకూడదని సెక్షన్ 107(11) స్పష్టంగా చెబుతుంది. జీఎస్టీకి ముందటి వ్యాట్ కాలంలో సంగతి వేరు. అప్పీలుకు పోయిన ఫైలు తిరిగి కింది సర్కిల్ కార్యాలయానికే రావడం, అక్కడ మళ్లీ అదే ఆర్డరు కొత్త తేదీతో పుట్టడం, మళ్లీ అప్పీలు — ఈ తిరుగుడులో నాలుగేళ్లు గడిచిన ఫైళ్లు నా అటకమీద ఇప్పటికీ ఉన్నాయి. కేంద్ర ఎక్సైజులో అప్పీళ్లు వినే కమిషనర్‌కు ఈ అధికారాన్ని 2001లోనే తీసేశారు. జీఎస్టీ చట్టం ఆ దారినే పట్టింది. మొదట్లో దీన్ని నేను తప్పుపట్టాను, కాగితాలు చూడని అప్పీలు అధికారి అక్కడే తేల్చడం ఎట్లా అని. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. కాగితాలు చూడడానికి ఆయనకు విచారణ జరిపే అధికారం అదే ఉపవిభాగంలో ఉంది. వాడుకోవడానికి ఓపిక కావాలి, అంతే. కానీ కొందరు అప్పీలు అధికారులు "రద్దు చేస్తున్నాం, కింది అధికారి రికార్డులు సరిచూసి తగిన చర్య తీసుకోవాలి" అని రాస్తున్నారు. దొడ్డిదారిన చేసినా అది రిమాండే. అలాంటి ఆర్డరు చేతికి రాగానే సంతోషించడం కాకుండా, దాని మీద అభ్యంతరం చెప్పాలా వద్దా అని ఆలోచించవలసి ఉంటుంది.

రిమాండ్ చేయగలిగిన వారు ఇద్దరు: రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు, సెక్షన్ 113 కింద జీఎస్టీ అప్పీలు ట్రిబ్యునల్. ట్రిబ్యునల్ చట్టంలో 2017 నుంచే ఉన్నా, 2025 సెప్టెంబరు 24న ఢిల్లీలో ప్రారంభమయ్యే దాకా కాగితం మీదనే ఉంది. ఇన్నేళ్లూ పేరుకుపోయిన అప్పీళ్లు ఇప్పుడు అక్కడికి పోతున్నాయి. వాటిలో క్రెడిట్ తగాదాలు తక్కువేమీ ఉండవు. అంటే మా సేటు పరిస్థితి రాబోయే రెండు మూడేళ్లలో వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో చాలా దుకాణాల పరిస్థితి కాబోతోంది. అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

రిమాండ్ తర్వాత మొదటి విచారణకు వెళ్లేసరికి అధికారి మారారు. కొత్తగా వచ్చినవారు మర్యాదస్తులు, ఫైలు చదివి కూర్చున్నారు. సరఫరాదారు ఇచ్చిన ధ్రువపత్రం నేను బల్ల మీద పెట్టాను. ఆ నాలుగు ఇన్‌వాయిస్‌ల మీద పన్ను తన 3బీలో కట్టానని, పొరపాటున మామూలు గిరాకీల కింద చూపానని అందులో ఉంది. 2022 డిసెంబరు 27న వచ్చిన 183వ జీఎస్టీ సర్క్యులరు 2017-18, 2018-19 సంవత్సరాలకు ఇచ్చిన వెసులుబాటు సరిగ్గా ఇలాంటి సందర్భానికే. ఒక సరఫరాదారుకు సంబంధించిన తేడా ఏడాదికి రూ.5 లక్షలు దాటితే చార్టర్డ్ అకౌంటెంటు లేదా కాస్ట్ అకౌంటెంటు ధ్రువపత్రం, దాటకపోతే సరఫరాదారు ధ్రువపత్రమే చాలు. మాది రూ.4,86,000. అక్కడితో అయిపోవలసింది.

అయిపోలేదు. "సరుకు నిజంగా వచ్చిందని ఏమిటి రుజువు? ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకు పోర్టల్‌లో తీసే పత్రాలు), లారీ రశీదులు, కాంటా చీటీలు పెట్టండి" అన్నారు. కారణం అడిగితే 2023 మార్చిలో సుప్రీంకోర్టు కర్ణాటక వ్యాట్ చట్టం మీద ఇచ్చిన ఈకామ్ గిల్ కాఫీ తీర్పు చూపించారు. క్రెడిట్ తీసుకునేవాడే దాన్ని నిరూపించుకోవాలని, ఇన్‌వాయిస్, చెక్కు చెల్లింపు చూపితే సరిపోదని, వాహనం నంబరు, రవాణా ఖర్చు, సరుకు అందినట్టు రసీదు వంటివి కూడా ఉండాలని ఆ తీర్పు అన్నమాట నిజం. జీఎస్టీలో సెక్షన్ 155 కూడా ఆ భారాన్ని వ్యాపారి మీదనే పెడుతుంది. అధికారి గాలిలో నుంచి అడగలేదని ఒప్పుకుంటాను.

కానీ ఆ తీర్పు చెప్పేది ఒక విషయాన్ని ఎలా నిరూపించాలని. ఏ విషయం మీద తగాదా నడుస్తోందో చెప్పవలసింది నోటీసు. మా నోటీసులో సరుకు రాలేదన్న మాట ఎక్కడా లేదు. రెండు పట్టికల మధ్య తేడా ఒక్కటే ఉంది. సెక్షన్ 75(7) ఈ విషయంలో ఎంత తేటగా ఉందంటే, దాని మీద వాదించవలసి రావడమే నాకు ఆశ్చర్యం. ఆర్డరులో అడిగే పన్ను, వడ్డీ, జరిమానా నోటీసులో చూపిన మొత్తాన్ని మించకూడదు. నోటీసులో చెప్పని కారణం మీద ఏ డిమాండునూ నిలపకూడదు. రిమాండ్ అయిన కేసులకు ఇది వర్తించదని చట్టంలో ఎక్కడా లేదు. "కొత్తగా" అన్న ఒక మాటను పట్టుకుని కొత్త నోటీసుతో సమానంగా చూడడం పొరపాటు. కోర్టు కొత్తగా ఇవ్వమన్నది ఆర్డరును. నోటీసు పాతదే.

నేను చీటీలు ఇవ్వలేదు. 75(7)ను ఉటంకిస్తూ రాతపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేసి బయటికి వచ్చాను. మెట్ల దగ్గర సేటుకు నా మీద కోపం వచ్చింది. "సార్, చీటీలు ఉన్నయి కద, ఇచ్చేస్తే ఆడికి పోతది కద?" ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. చీటీలు నిజంగానే ఉన్నాయి. ములుగు రోడ్డు కాంటా దగ్గర ఇచ్చిన నాలుగు చీటీలను ఆయన కొట్లోని ఒక ఇనుప డబ్బాలో, రబ్బరు బ్యాండు వేసి ఏడేళ్లుగా దాచారు. నేను వాటిని దీపం కింద పట్టుకుని చూశాను. రెండింటి మీద అచ్చు ఎగిరిపోయి తెల్లకాగితం మిగిలింది. మూడోదాంట్లో లారీ నంబరు చివరి రెండు అంకెలు మాత్రమే కనిపిస్తున్నాయి. నాలుగోది బాగుంది, కానీ దాని మీది బరువుకూ ఇన్‌వాయిస్ బరువుకూ నలభై కిలోల తేడా ఉంది. ఇనుము వ్యాపారంలో అది తేడానే కాదు. కాంటాకూ కాంటాకూ అంతమాత్రం ఉంటుంది. కానీ తేడాలు వెతకడానికి కూర్చున్నవారి చేతిలో పెడితే ఆ నలభై కిలోలు కొత్త ప్రశ్న అవుతాయి. ఈరోజు కాంటా చీటీ, రేపు టోల్‌గేటు రసీదు, ఎల్లుండి లారీ డ్రైవరు వాంగ్మూలం. నోటీసు గీసిన గీత ఒకసారి చెరిగిందంటే తగాదాకు ఎక్కడా ఆగే చోటు దొరకదు.

మా వృత్తిలో దీని మీద భిన్నాభిప్రాయం ఉంది. కాగితం ఉన్నప్పుడు చూపించేసి గండం గట్టెక్కాలనేవారే ఎక్కువ. ముఖ్యంగా ఈ-వే బిల్లులు ఉంటే చూపితే నష్టమేమిటంటారు. 2018 ఏప్రిల్ 15 నుంచే తెలంగాణలో రాష్ట్రం లోపలి రవాణాకు కూడా ఈ-వే బిల్లు వచ్చింది కాబట్టి మా నాలుగు లోడ్లకూ అవి ఉండాలి, ఉన్నాయి. నేను చెప్పేది చివరి దాకా దాచిపెట్టమని కాదు. ముందు అభ్యంతరం కాగితం మీద పెట్టి, దానికి అధికారి ఏమంటారో రాతలో తీసుకుని, ఆ తర్వాత, నోటీసు పరిధి దాటడాన్ని ఒప్పుకున్నట్టు కాదని స్పష్టం చేస్తూ ఇవ్వడం వేరు. అడిగిందే తడవుగా సంచి విప్పడం వేరు. రెండోది చేసినవాడు రేపు ట్రిబ్యునల్‌లో పరిధి గురించి మాట్లాడితే, అప్పుడు ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు.

అధికారి వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. ఫైలు తిరిగి వచ్చిన తర్వాత అది నిజంగానే దొంగ బిల్లుల బాపతు అని తెలిస్తే ఆయన కళ్లు మూసుకోవాలా? అక్కర్లేదు. మోసం కనిపిస్తే సెక్షన్ 74 కింద దాని గడువు లోపల, దాని నిరూపణ భారంతో, వేరే నోటీసు ఇచ్చే దారి ఉంది. పత్తి, మిర్చి, ఇనుము వ్యాపారాల్లో సరుకు కదలకుండా కాగితాలు మాత్రమే కదిలిన సందర్భాలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. వాటిని ఎవరూ వెనకేసుకు రారు. కానీ 73 కింద మామూలు తేడా నోటీసుగా పుట్టిన కేసును రిమాండ్ సందులో మోసం కేసుగా మార్చడానికి చట్టం ఒప్పుకోదు. చట్టం దిగువకు దారి ఇచ్చింది గానీ ఎగువకు ఇవ్వలేదు. 74 కింద ఇచ్చిన నోటీసులో మోసం రుజువు కాకపోతే దాన్ని 73 నోటీసుగా భావించి పన్ను తేల్చాలని 75(2) అంటుంది. 73ను 74గా భావించవచ్చని ఎక్కడా అనదు.

సరఫరాదారు పన్ను కట్టనే లేదన్న కేసులు వేరే జాతివి. వాటి గురించి క్లుప్తంగా చెప్పి వెళ్తాను. సెక్షన్ 16(2)(సి) ప్రకారం పన్ను ప్రభుత్వానికి చేరితేనే క్రెడిట్. అయితే అమ్మినవాడు కట్టకపోతే కొన్నవాడి దగ్గర యాంత్రికంగా వెనక్కి తీసుకోబోమని, ముందు అమ్మినవాడి మీదికే పోతామని, అతను కనిపించకుండా పోవడం, వ్యాపారం మూసేయడం, ఆస్తులు లేకపోవడం వంటి అసాధారణ సందర్భాలు మినహాయింపని 2018 మే 4న ప్రభుత్వమే ప్రకటించింది. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2021 ఫిబ్రవరిలో డీవై బీథెల్ కేసులో రబ్బరు షీట్ల వ్యాపారుల మీది ఆర్డర్లను కొట్టివేసి, అమ్మినవారిని కూడా విచారించాలంటూ వెనక్కి పంపింది. నాకు నచ్చే రిమాండ్ ఇది. ఎందుకంటే అధికారి చేయవలసిన పని ఏమిటో అందులో రాసి ఉంది. "చట్టప్రకారం కొత్తగా" అని మాత్రమే రాసిన రిమాండు అధికారికి ఏమీ నేర్పదు, వ్యాపారికి ఏమీ ఇవ్వదు. కాబట్టి హైకోర్టులో రిట్ పిటిషన్ వేసే లాయరు గారిని నేను కోరేది ఒక్కటే: ప్రార్థనలో, కుదరకపోతే కనీసం వాదన చివర్లో, నోటీసులోని కారణాలకే పరిమితం చేయమని, ఇప్పటికే వసూలైన మొత్తాన్ని ఏం చేయాలో చెప్పమని కోర్టును అడగండి. మా కేసులో ఈ రెండూ అడగలేదు. ఆ రెండు పంక్తుల లోటుకు ఏడాదికి పైగా తిరుగుతున్నాం.

ఇక రెండో తగాదా, డబ్బుది. ఆర్డరు వచ్చి మూడు నెలలు దాటాక, మాకు ఇంకా ఆర్డరే తెలియని రోజుల్లో, 2024 సెప్టెంబరులో పోర్టల్‌లో క్రెడిట్ నిల్వ ఉండే మా ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్ నుంచి రూ.3,10,000 డెబిట్ అయింది. అసలు ఆర్డరు సంగతి మాకు తెలిసింది ఆ డెబిట్ కనబడ్డాకే. హైకోర్టు ఆర్డరు అందిన తర్వాత ఆ మొత్తాన్ని తిరిగి జమ చేయమని రాశాను. కేసు ఇంకా తేలలేదు, మళ్లీ మీ మీదనే ఆర్డరు వస్తే అప్పుడు మళ్లీ డెబిట్ చేయవలసి వస్తుంది, కాబట్టి ప్రస్తుతానికి అలాగే ఉండనివ్వండి అని కార్యాలయం నుంచి నోటిమాటగా జవాబు వచ్చింది. ఈ జవాబు వినడానికి సబబుగానే ఉంటుంది. ఎట్లాగూ కట్టవలసిందే కదా అన్న ఊహ దాని లోపల దాగి ఉండడమే ఇబ్బంది. తీర్పు ముందే రాసుకుని విచారణ జరిపితే దాన్ని విచారణ అనరు.

వసూలుకు ఆధారం ఆర్డరు. ఆర్డరు లేనప్పుడు వసూలు చేసిన సొమ్ముకు ఆధారం లేదు. నోటీసు ఉందంటారా, నోటీసు ఆరోపణ మాత్రమే, డిమాండు కాదు. ఎక్సైజు, సర్వీసు ట్యాక్సుల కాలంలో ఇదే ప్రశ్న అప్పీలు డిపాజిట్ విషయంలో వచ్చినప్పుడు, 2014 సెప్టెంబరు 16 నాటి 984వ సర్క్యులరు రిమాండ్ అయినప్పుడు కూడా డిపాజిట్‌ను వడ్డీతో తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఆ సర్క్యులరు జీఎస్టీకి నేరుగా వర్తించదు, నిజమే. కానీ రిమాండ్ అంటే ప్రభుత్వం గెలిచినట్టు కాదన్న సంగతిని ఆ శాఖే ఒకప్పుడు రాతపూర్వకంగా ఒప్పుకుంది. అప్పీలు కోసం మనమే ఇష్టపడి కట్టిన డిపాజిట్‌కే ఆ న్యాయమైతే, మనకు తెలియకుండా లాక్కున్న క్రెడిట్‌కు అంతకన్నా తక్కువ న్యాయం ఎట్లా అవుతుంది?

వెనక్కి ఇవ్వకూడదని పార్లమెంటు అనుకున్నప్పుడు ఆ మాట సూటిగానే రాస్తుందనడానికి దగ్గరి ఉదాహరణ ఉంది. ఆలస్యంగా తీసుకున్న క్రెడిట్ గురించి 2024లో సెక్షన్ 16(5) తెచ్చారు. 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగేళ్ల క్రెడిట్‌ను 2021 నవంబరు 30 లోపు రిటర్నులలో తీసుకుంటే చెల్లుతుందన్నారు. దాంతో ఆ గడువు మీద పోట్లాడుతున్న ఎన్నో కేసులు పునఃపరిశీలనకు తిరిగి వచ్చాయి. కానీ అదే 2024 రెండో ఫైనాన్సు చట్టం 150వ సెక్షన్‌లో, ఈలోగా పన్ను కట్టేసినవారికి, క్రెడిట్ రివర్స్ చేసేసినవారికి, అంటే వెనక్కి పెట్టేసినవారికి, ఏదీ తిరిగి ఇవ్వబోమని రాశారు. నోటీసు రాగానే భయపడి బుద్ధిగా రివర్స్ చేసిన దుకాణదారు నష్టపోయాడు, కట్టకుండా నిలబడినవాడు బాగుపడ్డాడు. ఇది అన్యాయమని నా నమ్మకం. అయినా ఆ అన్యాయం చేయడానికి కూడా ఒక సెక్షన్ కావలసి వచ్చింది. రిమాండ్ అయిన కేసులో క్రెడిట్ అట్టిపెట్టుకోవచ్చని చెప్పే సెక్షన్ ఏదీ లేదు. నోటిమాట దాని స్థానాన్ని తీసుకోలేదు.

తామే రివర్స్ చేసినవారికి ఇంకో చిక్కు ఉంది. ఇది లెక్కలు రాసేవారు తప్పనిసరిగా చూసుకోవలసినది. తగాదా నడుస్తుండగా నిరసనతో క్రెడిట్ వెనక్కి పెట్టేటప్పుడు చాలామంది 3బీలో 4(బీ)(1) గడిలో రాస్తారు. అది శాశ్వతంగా వదులుకునే క్రెడిట్‌కు ఉద్దేశించిన గడి. మళ్లీ తీసుకునే అవకాశం ఉన్నదాన్ని 4(బీ)(2)లో రాయాలి. 2023 ఆగస్టు నుంచి పోర్టల్ అలాంటి రివర్సల్‌కూ తిరిగి తీసుకోవడానికీ విడిగా ఒక ఖాతా నడుపుతోంది. 4(బీ)(1)కి బదులు 4(బీ)(2)లో పడి ఉంటే రిమాండ్ తర్వాత ఒక రిటర్నుతో తేలిపోయేది, ఇప్పుడు కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. ఒక జిన్నింగ్ మిల్లు గుమాస్తా నా ముందే 4(బీ)(1) నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. రైతు దగ్గర కొన్న పత్తి మీద మిల్లు తానే రివర్స్ చార్జి (అమ్మినవాడికి బదులు కొన్నవాడే పన్ను కట్టే పద్ధతి) కింద కట్టిన పన్నుకు సంబంధించిన క్రెడిట్ అది. అమ్మినవాడి రిటర్నుతో దానికి సంబంధమే లేదు, రివర్స్ చేయవలసిన అవసరమూ లేదు. నోటీసు చూసి కంగారు పడ్డాడు, అంతే.

తిరిగి జమ అడగడం అందరికీ లాభమేనా అంటే అదీ కాదు. సెక్షన్ 50(3) కింద వడ్డీ, తప్పుగా తీసుకుని వాడుకున్న క్రెడిట్ మీద 18 శాతం చొప్పున, వాడిన తేదీ నుంచి వెనక్కి పెట్టిన తేదీ వరకు నడుస్తుంది. డెబిట్ అయిన రోజున ఆ రూ.3,10,000 మీద వడ్డీ ఆగిందని చెప్పుకునే వీలు మాకు ఇప్పుడు ఉంది. తిరిగి జమ చేయించుకుని, అది వాడేసి, చివరికి ఓడితే ఆ గడియారం మళ్లీ తిరుగుతుంది. జమ అయిన క్రెడిట్‌ను వాడకుండా లెడ్జర్‌లో నిల్వ ఉంచగలిగిన వ్యాపారి నిశ్చింతగా అడగవచ్చు. నిల్వ తగాదా మొత్తం కన్నా కిందికి పోనంత వరకు దాన్ని వాడినట్టు లెక్కించరు. నెలాఖరుకు లెడ్జర్ ఊడ్చుకుపోయే చిన్న వ్యాపారి మాత్రం తన కేసు బలాన్ని ఒకసారి కొలుచుకోవాలి. మా కేసు బలమైనదని నా నమ్మకం కాబట్టి అడిగాను. నోటిమాట జవాబును రాతలో ఇవ్వమని మళ్లీ రాశాను. నగదుగా కట్టిన మొత్తాలైతే, కోర్టు ఆర్డరు అందిన తేదీ నుంచి రెండేళ్లలో రీఫండు దరఖాస్తు పడాలన్న సెక్షన్ 54 గడువును మరవకూడదు. మాట్లాడుకుంటూ కూర్చుంటే అది దాటిపోతుంది.

గడువు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కోర్టు లేదా ట్రిబ్యునల్ ఆదేశం మేరకు ఇవ్వవలసిన ఆర్డరును, ఆ ఆదేశం అందిన తేదీ నుంచి రెండేళ్లలో ఇవ్వాలని సెక్షన్ 75(3) చెబుతుంది. ఇవ్వకపోతే ఏమవుతుందో మాత్రం ఆ ఉపవిభాగం చెప్పదు. గడువు దాటితే విచారణ ముగిసినట్టేనన్న 75(10) చూసేది 73, 74 సెక్షన్ల అసలు గడువులను. ఈ ఖాళీ మీద రేపు పెద్ద వాదనలే జరుగుతాయి. గడువు పెట్టి ఫలితం రాయకపోతే ఆ గడువుకు అర్థం లేదు గనక, రెండేళ్లు దాటితే నోటీసు పడిపోయినట్టే అని నేను వాదిస్తాను. అధికారుల వైపు నుంచి, అది సూచన మాత్రమేనన్న వాదన వస్తుంది. ఏ వాదన నిలిచినా, వాయిదాలు అడిగే ముందు వ్యాపారి కూడా ఆలోచించుకోవాలి. 75(5) మూడు వాయిదాలకే ఒప్పుకుంటుంది. వాటిని మనమే వాడేసుకుని తర్వాత ఆలస్యం జరిగిందని మొత్తుకుంటే ఎవరూ వినరు.

రికార్డులు ఎంతకాలం దాచాలని సేటు మొన్న అడిగారు. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలని చెప్పాను. 2018-19 వార్షిక రిటర్ను గడువు 2020 డిసెంబరు 31 వరకు పొడిగింది కాబట్టి ఆ లెక్కన 2026 డిసెంబరు వస్తుంది. కానీ కేసు నడుస్తున్న రికార్డులకు అది తేలిన తర్వాత మరో ఏడాది వరకు దాచాలన్న నిబంధన సెక్షన్ 36లోనే ఉంది. "ఇంక నా కొడుకు దాచుకోవాల్నేమో" అన్నారు.

అభ్యంతరం మీద రాతపూర్వక జవాబు ఇంకా రాలేదు. తర్వాతి విచారణ తేదీ పోర్టల్‌లో పడిందేమోనని ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ విడి గది తెరిచి చూస్తున్నాను. అచ్చు ఎగిరిపోయిన చీటీలతో సహా నాలుగు కాంటా చీటీలకూ ఫొటోలు తీయించి, వాటిని పాలిథిన్ కవర్లో పెట్టి బీరువాలో పెట్టాను. రూ.3,10,000 ఇంకా లెడ్జర్‌కు తిరిగి రాలేదు. హైకోర్టు ఆర్డరు కార్యాలయానికి అందినట్టు వేసిన ముద్ర మీది తేదీకి రెండేళ్లు కలిపి, ఆ తేదీని ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాశాను.